ఓడినవారి సత్రం

రాత్రి ఏటూరునాగారంలో ఎక్కిన బస్సు తెల్లారుజామున మమ్మల్ని ఉప్పల్ రింగురోడ్డు మీద దించుతుంది. సంచీ, బియ్యం మూట, ఒక్కోసారి కోడిపుంజు. మా ఊళ్ళ వాళ్ళకు హైదరాబాద్ అంటే చార్మినార్ కాదు, ఉప్పలే. ఇక్కడ దిగుతాం, ఇక్కడి నుంచి నాచారం, మల్లాపూర్ బస్తీలకు నడుస్తాం, పండుగకు ఇక్కడే మళ్ళీ బస్సెక్కుతాం. జాతీయ రహదారి 163 ఈ చౌరస్తా మీదుగా సాగి భువనగిరి, జనగామ, వరంగల్, ములుగు దాటి మా ఏటూరునాగారం పోయి, గోదావరి మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని భూపాలపట్నం చేరుతుంది. ఒక కొస మాది, ఒక కొస ఉప్పల్‌ది.

ఈ రోడ్డు మీదే ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ కడతామని 2018లో శంకుస్థాపన చేశారు. స్తంభాలు లేచాయి. పైన పరవాల్సింది పరవకుండా ఏళ్ళ తరబడి స్తంభాలు స్తంభాలుగానే నిలబడ్డాయి. ఇది కేంద్రం రోడ్డు, కేంద్రం డబ్బు, ఢిల్లీలో అడగాల్సిన పని. అడగాల్సిన మనిషిని మేం అయిదేళ్ళకోసారి ఎన్నుకుంటూనే ఉన్నాం.

మేమంటే ఎవరమో చెప్పాలి. మాలో కొందరం బడిపంతుళ్ళం. ఎక్కువమంది నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ప్యాకింగు, లోడింగు, రాత్రి సెక్యూరిటీ పనులు చేసేవాళ్ళు. కొందరు కోచింగుకని వచ్చిన పిల్లలు. కోయవాళ్ళం ఎక్కువ, నాయకపోడు కుటుంబాలూ ఉన్నాయి. ఇక్కడ మాకు ఓటుంది. ఆ ఓటు ఉప్పల్ అసెంబ్లీలో, మల్కాజిగిరి పార్లమెంటు స్థానంలో పడుతుంది. 2019లో అక్కడ 31 లక్షలకు పైగా ఓటర్లు. దేశంలోకెల్లా పెద్ద నియోజకవర్గం. అదే ఏడు మా అమ్మానాన్నల ఓట్లున్న మహబూబాబాద్ ఎస్టీ స్థానంలో 14 లక్షల చిల్లర. ఊళ్ళో మా మాట వినడానికి ఒక మనిషి ఉంటే, ఇక్కడ ఒక్క మనిషికి అంతకు రెండింతల మంది. మేం ఎక్కడున్నామో వెతికినా దొరకం.

2024 ఎన్నికలప్పుడు ఒక పార్టీ కార్యకర్త మా గల్లీకొచ్చాడు. మంచి పిల్లవాడే, నాచారం వాడే. ‘అన్నా, ఈసారి మనోడు గెలిస్తే పెద్ద పదవి ఖాయం’ అన్నాడు. మా మామ ఒకాయన, ఊళ్ళో వడ్డె కుటుంబం వాడు, గడప మీద కూర్చుని ఉన్నాడు. ‘పదవి సంగతి తర్వాత బిడ్డా, ఢిల్లీల ఎన్ని దినాలుంటడు?’ అని అడిగాడు. ఆ పిల్లవాడు నవ్వి ఊరుకున్నాడు. మేమూ నవ్వాం. రాత్రి లెక్క వేసి చూస్తే నవ్వు రాలేదు.

లెక్క ఇది. 2008 పునర్విభజనతో మల్కాజిగిరి స్థానం పుట్టింది. 2009లో సర్వే సత్యనారాయణ గెలిచారు; 2012లో కేంద్రంలో రోడ్డు రవాణా, రహదారుల శాఖ సహాయమంత్రి అయ్యారు. ఆయన మాత్రం అయిదేళ్ళూ ఉన్నారు. 2014లో తెలుగుదేశం టికెట్ మీద మల్లారెడ్డి గెలిచారు, 2016లో టీఆర్‌ఎస్‌లో చేరారు, 2018 డిసెంబరులో మేడ్చల్ ఎమ్మెల్యేగా నెగ్గి పార్లమెంటు సీటు వదిలేశారు. తర్వాత రాష్ట్రంలో కార్మిక మంత్రి అయ్యారు. 2018 డిసెంబరులోనే కొడంగల్‌లో ఓడిన రేవంత్‌రెడ్డి 2019 మేలో ఇక్కడ 10,919 ఓట్ల తేడాతో గెలిచారు. 2023 డిసెంబరులో కొడంగల్ మళ్ళీ ఆయన్ని గెలిపించింది, ఆయనా వదిలేశారు. 2023లోనే హుజూరాబాద్‌లోనూ గజ్వేల్‌లోనూ ఓడిన ఈటల రాజేందర్ 2024 జూన్‌లో ఇక్కడ 3 లక్షల 90 వేలకు పైగా ఓట్ల ఆధిక్యంతో గెలిచారు.

మూడు పార్టీలు, మూడు జెండాలు. దారి ఒక్కటే. అసెంబ్లీలో ఓడితే ఇక్కడికి రావడం, అసెంబ్లీలో గెలిస్తే ఇక్కడి నుంచి పోవడం. యాత్రకు పోయేవాడు వాన పట్టుకుంటే సత్రంలో ఆగుతాడు, వాన వెలిస్తే కట్టె పట్టుకుని కదులుతాడు. సత్రాన్ని ఊడ్చేవాళ్ళెవరో అతనికి పట్టదు.

పోనీ, మరొకర్ని ఎన్నుకోవచ్చు కదా అంటారు. లేదు. చట్టసభలు రెండింటిలోనూ సభ్యుడిగా ఉండటం కుదరదు. ఎంపీగా ఉన్న మనిషి ఎమ్మెల్యేగా నెగ్గితే, 14 రోజుల్లో ఎమ్మెల్యే పదవి వదులుకోకపోతే ఎంపీ పదవే పోతుంది. ఇటు ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 151ఎ సెక్షన్ ప్రకారం ఖాళీని ఆరు నెలల్లో ఉప ఎన్నికతో నింపాలి గానీ, సభకు ఏడాది లోపు కాలం మిగిలి ఉంటే ఆ నియమం వర్తించదు. మన రాష్ట్రంలో అసెంబ్లీ ఎన్నికలు నవంబరు, డిసెంబరులలో, పార్లమెంటు ఎన్నికలు ఏప్రిల్, మేలలో. అంటే ఈ దారిన పోయినవారి సీటు ప్రతిసారీ ఖాళీగానే మిగులుతుంది. 2018 డిసెంబరు నుంచి 2019 మే దాకా ఖాళీ. 2023 డిసెంబరు నుంచి 2024 జూన్ దాకా ఖాళీ. పదేళ్ళలో ఏడాదికి దగ్గరగా ఈ దేశంలోని అతిపెద్ద నియోజకవర్గానికి లోక్‌సభలో మనిషి లేడు. బడికి పంతులు ఇన్నాళ్ళు రాకపోతే మండలంలో గోల. మెమో, విచారణ, పేపర్లో ఫోటో. ఇక్కడ పూలదండలు.

ఇక్కడ రేవంత్‌రెడ్డి గారి సంగతి కొంచెం వివరంగా మాట్లాడాలి. ఆయన మీద కోపం ఎక్కువై కాదు. నలుగురిలో ఆదివాసుల పేరు ఎక్కువగా ఎత్తింది ఆయనే, మాలో చాలామంది ఓటు వేసిందీ ఆయనకే. 2007లో స్వతంత్రుడిగా శాసనమండలికి వచ్చి, కొడంగల్ నుంచి రెండుసార్లు తెలుగుదేశం ఎమ్మెల్యే అయి, 2017లో కాంగ్రెస్‌లో చేరిన మనిషి. మాటకారి. నిలదీసే గొంతు. అలాంటి గొంతు లోక్‌సభలో ఉంటే మంచిదని మేం అనుకున్నాం.

2021 జూన్‌లో ఆయన పీసీసీ అధ్యక్షుడయ్యారు. ఆగస్టు 9న, ప్రపంచ ఆదివాసీ దినం నాడు, ఇంద్రవెల్లిలో దళిత గిరిజన ఆత్మగౌరవ దండోరా సభ పెట్టారు. 1981 ఏప్రిల్ 20న పోలీసుల కాల్పులు మన గోండుల నెత్తురు చిందించిన ఇంద్రవెల్లి అది. ఆ రోజు నాచారంలో మా గదుల్లో పదిమందిమి ఒక్క ఫోను చుట్టూ మూగి ఆ సభ చూశాం. 2023 ఫిబ్రవరి 6న మేడారంలో అమ్మవార్లకు మొక్కి అక్కడి నుంచే పాదయాత్ర మొదలుపెట్టారు. ఉప్పల్ ఎంపీ మా గద్దెల దగ్గరికి పోయాడని మావాళ్ళకు సంబరం. మా ఓటుకూ మా ఊరికీ మొదటిసారి చుట్టరికం కలిసినట్టనిపించింది.

సంబరం తగ్గాక ఒక సందేహం మొలిచింది. ఇంద్రవెల్లికి వచ్చింది పీసీసీ అధ్యక్షుడు. మేడారానికి వచ్చిందీ పీసీసీ అధ్యక్షుడే. ఆ రెండు చోట్లా నిలబడి మాట్లాడటానికి ఎంపీ పదవి అక్కర్లేదు. మేం ఎన్నుకున్నది ఎంపీని. మా పేరు మైదానంలో మోగితే చాలదు, లోక్‌సభ రికార్డులో ఎక్కాలి. మైదానంలో మాట గాలికి పోతుంది. సభలో మంత్రి ఇచ్చిన జవాబు కాగితం మీద మిగులుతుంది, రేపు కోర్టులో, కలెక్టరాఫీసులో చూపించడానికి పనికొస్తుంది. ఈ తేడా పంతుళ్ళకు తెలియాలి. పిల్లలకూ చెప్పాలి.

2022 డిసెంబరులో ఆయన లోక్‌సభలో రూపాయి విలువ మీద హిందీలో ప్రశ్న అడిగారు. ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ఆయన హిందీ బలహీనంగా ఉందని, తనదీ బలహీనమే కాబట్టి అలాగే జవాబిస్తానని అన్నారు. ఆయన ఊరుకోలేదు. తాను శూద్రుణ్ణని, శుద్ధమైన హిందీ తనకు రాదని బదులిచ్చారు. కులం మాట ఎత్తొద్దని స్పీకర్ మందలించారు. మా ఉపాధ్యాయుల గదిలో రెండు రోజులు దీని మీదే చర్చ. కొందరు భలే అన్నాడన్నారు. రెడ్డి గారు శూద్రుడైతే మనమెవరమని ఒక అక్క అడిగింది. (దానికి మా దగ్గర జవాబు లేదు, ఆ వర్ణాల నిచ్చెనలో మాకు మెట్టే లేదు.)

ఆ గొడవలో మాకు తగిలింది వేరే. ఉప్పల్‌కూ కొడంగల్‌కూ నాయకుడైన మనిషికి, అధికారం చుట్టూ తిరిగిన మనిషికి, భాష పేరుతో ఆ సభలో చిన్నతనం జరిగితే అంత మండింది. మంచిదే, మండాలి. మరి మా కోయ పిల్ల ఒకటో తరగతిలో కూర్చుని పంతులమ్మ ‘ఆవు’ అంటే అర్థం కాక తలొంచుకుంటుందే, ఆ మంట ఎవరిది? కోయ గానీ గోండి గానీ ఎనిమిదో షెడ్యూలులో లేవు. సంతాలీ, బోడో 2003 నాటి 92వ సవరణతో చేరాయి. చేరాక ఏమైందో చూడండి: 2019 డిసెంబరులో ఒడిశా సభ్యురాలు సరోజినీ హేమ్‌బ్రమ్ రాజ్యసభలో సంతాలీలో మాట్లాడారు, పక్కన అనువాదకులు ఆ మాటల్ని మిగతా సభ్యుల చెవుల్లోకి చేర్చారు. ఒక ఆదివాసీ భాష ఆ గోడల మధ్య వినబడింది. దాన్ని సాధ్యం చేసింది పార్లమెంటు. అసెంబ్లీ కాదు, ముఖ్యమంత్రి కాదు. తన హిందీ కోసం లేచి నిలబడ్డ సభ్యుడు అదే సభలో మా కోయ కోసం నిలబడితే ఎంత బాగుండేదో అని ఆ అక్కే అంది.

ఇక 2023 డిసెంబరు 7. ఆ తేదీని మా విద్యార్థుల చేత నోటు పుస్తకాల్లో రాయిస్తున్నాం.

ఆ రోజు గురువారం. మధ్యాహ్నం ఎల్‌బీ స్టేడియంలో రేవంత్‌రెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఉప్పల్ నుంచి మెట్రో ఎక్కి మావాళ్ళూ పోయారు. అదే వేదిక మీద మన ములుగు సీతక్క మంత్రిగా ప్రమాణం చేసింది. కోయ ఆడబిడ్డ ఆ వేదిక ఎక్కిన క్షణం మా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోవడానికేమీ లేదు. అదే రోజు ఢిల్లీలో లోక్‌సభ ఒక బిల్లు పాస్ చేసింది: సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కోసం కేంద్రీయ విశ్వవిద్యాలయాల సవరణ బిల్లు. మన తల్లుల పేరు మీద, మన ములుగులో, 889 కోట్ల రూపాయలతో పెట్టే యూనివర్సిటీ. మా ఓట్లతో గెలిచిన సభ్యుడు ఆ చర్చలో లేరు. లోక్‌సభకు ఆయన రాజీనామా ఇచ్చింది ఆ మర్నాడు, డిసెంబరు 8న. బిల్లు రాజ్యసభలో నెగ్గింది డిసెంబరు 13న. అప్పటికి మా సీటు ఖాళీ.

బిల్లు ఎలాగూ పాసయింది కదా, ఆయన లేకపోతే నష్టమేమిటి అంటారు. నష్టం ఆ ఒక్క రోజుది కాదు. ఆ యూనివర్సిటీ 2014 పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో రెండు రాష్ట్రాలకూ రాసిన హామీ. ఆంధ్రకు సంబంధించిన చట్టం 2019లో వచ్చింది. మనది 2023 చివర్లో. స్థలం కోసం రాష్ట్రం కేంద్రాన్నీ, కేంద్రం రాష్ట్రాన్నీ తప్పుబట్టుకుంటూ గడిపిన కాలం అది. 2014లో మా దగ్గర అయిదో తరగతి చదివిన పిల్ల 2023 డిసెంబరుకు డిగ్రీ చివరి ఏట ఉంది, ఆ చదువు ఇంకెక్కడో చదువుకుంటూ. ఈ తొమ్మిదేళ్ళూ లోక్‌సభలో తెలంగాణ నుంచి 17 మంది ఉన్నారు. అందులో ఎస్టీ సీట్లు రెండు, ఆదిలాబాద్, మహబూబాబాద్. మిగతా 15 మందికి ఇది తమ పని అనిపించలేదు. చివరికి ములుగు దగ్గర జాకారంలో తాత్కాలిక భవనంలో తరగతులు మొదలయ్యాయి.

ఈ 15 మంది సంగతే మేం ఈ వ్యాసంలో అడుగుతున్నది. ఎస్టీ సమస్య అనగానే ఎస్టీ ఎంపీలున్నారు కదా అని తప్పుకుంటారు. సరే, అసలు మన బతుకుల్లో ఏ ముఖ్యమైన సంగతి అసెంబ్లీలో తేలుతుందో చెప్పండి. ఎస్టీ జాబితాలో ఎవరుండాలో మార్చేది 342 అధికరణం కింద పార్లమెంటు. అయిదో షెడ్యూలును మార్చగలిగేది పార్లమెంటు. 2006 అటవీ హక్కుల చట్టం పార్లమెంటుది. 1996 పెసా చట్టం పార్లమెంటుది. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలను రాత్రికి రాత్రి అటు కలిపేసింది ముందు కేంద్రం ఆర్డినెన్సు, తర్వాత జులై 11న లోక్‌సభ. అక్కడి మన కోయ గూడేలను ఎవరూ అడగలేదు. 2023 జులై 26న అటవీ సంరక్షణ చట్టానికి సవరణ వచ్చింది. మణిపూర్ మీద గోల జరుగుతుండగా మూజువాణి ఓటుతో లోక్‌సభ దాటింది. అడవికి ఏది అడవి, ఏది కాదు అని నిర్ణయించే చట్టం అంత సేపట్లో అయిపోయింది.

రైతుకు, ఉద్యోగికి, పట్నం వాడికి సగం పనులు రాష్ట్రంలో తేలతాయి. అందుకే వాళ్ళకు ఎంపీ సీటు ఖాళీ అయినా అంతగా తెలియదు. మాకు తెలుస్తుంది. మా తాళాలన్నీ ఢిల్లీలో ఉన్నాయి.

జీవో 3 సంగతి తీసుకుందాం, పంతుళ్ళందరికీ తెలిసిన గాయం. 2000 జనవరిలో ఆ జీవో వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అని. డీఎడ్ సర్టిఫికెట్ చేతిలో పట్టుకుని మాలాంటి వాళ్ళం బడిలో అడుగు పెట్టింది ఆ జీవో పుణ్యమే. అంతకు ముందు మైదానం నుంచి వచ్చిన సారు సోమవారం ఆలస్యంగా వచ్చి శుక్రవారం తొందరగా వెళ్ళిపోయే బడులవి. మన భాష తెలిసిన మనిషి వచ్చాక పిల్లలు బడిలో మాట్లాడటం మొదలుపెట్టారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదని. అది లాక్‌డౌన్ కాలం. రోడ్డెక్కి అరవడానికి కూడా లేదు.

కోర్టు చెప్పాక ఎవరేం చేస్తారంటే, చేయాల్సింది ఉంది. నివాసాన్ని బట్టి ఉద్యోగంలో షరతు పెట్టే చట్టం చేసే అధికారాన్ని రాజ్యాంగం 16(3) పార్లమెంటుకే ఇచ్చింది. అయిదో షెడ్యూలులో ఏడో పేరా ఉంది. ఆ షెడ్యూలును పార్లమెంటు మామూలు చట్టంతో సవరించవచ్చు, 368 కింద రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. దారి తేలికని మేం అనడం లేదు. నూటికి నూరు కాకపోయినా ఎంత నిలబడుతుందో, ఏ రూపంలో నిలబడుతుందో న్యాయ పండితులు తేల్చాలి. కానీ ఆ చర్చ జరగాల్సిన చోటు ఒక్కటే, అది హైదరాబాద్‌లో లేదు. రాష్ట్ర నాయకులు ఈ ముక్క దాచిపెట్టి, మాకు అధికారమిస్తే జీవో 3ను తిరిగి తెస్తామని ప్రతి ఎన్నికలో చెబుతారు. జీవో పోయింది కోర్టులో. తేవాల్సింది పార్లమెంటులో. మధ్యలో అసెంబ్లీకి ఓటు అడిగేవాళ్ళను, ఎలా తెస్తారు సారూ అని మర్యాదగా అడగండి.

రేవంత్‌రెడ్డి గారొక్కరే ఇలా చేశారని రాస్తే మేం అబద్ధమాడినట్టు. 2019లో తెలంగాణ నుంచి కాంగ్రెస్ ఎంపీలు ముగ్గురు: ఆయన, ఉత్తమ్‌కుమార్‌రెడ్డి, కోమటిరెడ్డి వెంకటరెడ్డి. ముగ్గురికి ముగ్గురూ 2023లో అసెంబ్లీకి వచ్చేశారు. బీజేపీ ఎంపీలు నలుగురిలో ముగ్గురు 2023లో అసెంబ్లీకి పోటీ చేశారు. ఓడారు కాబట్టి ఎంపీలుగా మిగిలారు. ఆ ముగ్గురిలో ఒకరు మనవాడే. తుడుందెబ్బ నాయకుడు సోయం బాపురావు. 2018లో బోథ్‌లో ఓడి, 2019లో ఆదిలాబాద్ ఎంపీ అయి, 2023లో మళ్ళీ బోథ్ అసెంబ్లీకి నిలబడి ఓడారు. 2024లో పార్టీ ఆయనకు టికెట్టే ఇవ్వలేదు. మన డోలు చప్పుడు మధ్య ఎదిగిన మనిషి కూడా ఢిల్లీ సీటును సత్రంగానే చూశాడంటే, తప్పు ఒక్క మనిషిది కాదు, ఒక్క కులానిది కాదు. ఇది రాయడానికి మాకు బాధగా ఉంది. రాయకపోతే ఈ పుస్తకం మనవాళ్ళను కాపాడటానికే అచ్చయిందంటారు.

ఎందుకిలా అవుతుంది? ఎంపీకి సొంత బలం లేదు. 1985 ఫిరాయింపుల చట్టం వచ్చాక పార్టీ విప్ దాటితే సభ్యత్వం పోతుంది. అదే సభ్యుడు గెలిచిన పార్టీ వదిలి ఇంకో పార్టీలో కూర్చుంటే ఏళ్ళ తరబడి ఏమీ కాదు, అదొక వింత. టెండర్లు, బదిలీలు, పోలీసు స్టేషన్లు, భూములు అన్నీ రాష్ట్రంలో ఉన్నాయి. ఎంపీకి చేతిలో ఉండేది మాట. ప్రశ్నోత్తరాల సమయం, జీరో అవర్, 377 నిబంధన కింద ప్రస్తావన, ప్రైవేటు మెంబరు బిల్లు. వీటిలో కమీషన్ లేదు, దండలు లేవు. మాటను ఆస్తిగా చూసే నాయకుడికే ఆ సభ రుచిస్తుంది.

మాట కాక ఒక డబ్బు ముక్క కూడా ఉంది, అది మన పిల్లలకు ఎవరూ చెప్పరు. ప్రతి ఎంపీకి ఏడాదికి అయిదు కోట్ల స్థానిక అభివృద్ధి నిధి. అందులో ఏడున్నర శాతం, అంటే ముప్పై ఏడున్నర లక్షలు, ఎస్టీలుండే చోట్ల ఖర్చు పెట్టేందుకు సిఫారసు చేయాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. నియోజకవర్గంలో గిరిజనులు సరిపడా లేకపోతే, రాష్ట్రంలోనే బయట ఉన్న గిరిజన ప్రాంతంలో ఖర్చు పెట్టవచ్చు. అంటే మల్కాజిగిరి ఎంపీ నిధితో తాడ్వాయిలో ఒక బడి గది లేవవచ్చు, నాచారంలో మన పిల్లలు చదువుకునే ఒక గది లేవవచ్చు. సీటు ఖాళీగా ఉన్న నెలల్లో ఈ కాగితం మీద సంతకం పెట్టే చెయ్యి ఉండదు.

దీనికి మావాళ్ళే ఇచ్చే జవాబు ఒకటుంది, దాన్ని దాటవేయం. ‘సారూ, ఎంపీగా ఉండి ఏం చేస్తడు, ముఖ్యమంత్రి అయితేనే పనులైతయ్. 2024 ఫిబ్రవరిలో ఇంద్రవెల్లికి పోయి అమరుల స్మృతివనం అన్నడు, సీతక్కను మంత్రిని చేసిండు. ఎంపీగా ఉంటే ఇది అయ్యేదా?’ అని మా తమ్ముడొకడు వాదిస్తాడు. నిజమే, అయ్యేది కాదు. సీతక్క మంత్రి కావడం మాకు గర్వమే. స్మృతివనం కావాల్సిందే. కానీ ఆ తమ్ముణ్ణి మేం తిరిగి అడిగాం: నీ డీఎడ్‌కు ఏజెన్సీలో ఉద్యోగం స్మృతివనం ఇస్తుందా? అడవి చట్టం మారితే సీతక్క ఆపగలదా? ఆమె ఎంత గట్టి మనిషైనా ఆమె కూర్చున్న సభకు ఆ అధికారం లేదు. వాడు ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోడు. వాదన ఆదివారం ఆదివారం నడుస్తూనే ఉంది, టీ ఖర్చు వాడిదే.

ముఖ్యమంత్రి కావాలనుకోవడం తప్పు కాదు. ఎవరైనా కావచ్చు. మేం అనేదల్లా, ఆ ఆశ ఉన్నవాళ్ళు అసెంబ్లీకే పోవాలి, ఓడితే అయిదేళ్ళు ఊళ్ళో ఉండాలి. మా ఊళ్ళో పంట పోయినవాడు పక్కవాడి చేలో మంచె వేసుకుని కూర్చోడు. 31 లక్షల మంది చేనును అలా వాడుకుంటే పిట్టలు తింటాయి, తిన్నాయి.

అందుకే ఈసారి ఓట్లకు ముందే మేం ఒక కాగితం రాసి పెట్టుకున్నాం. నాచారంలో మా గల్లీకి ఏ జెండా వచ్చినా ముందు అది చేతిలో పెడతాం. మూడే ప్రశ్నలు. మీరు రేపు అసెంబ్లీకి నిలబడతారా, నిలబడితే మా సీటు ఖాళీ ఎవరు నింపుతారు? ఏజెన్సీ టీచర్ల కోసం 16(3) కింద చట్టం కావాలని సభలో ఎప్పుడు అడుగుతారు? మీ నిధిలో ఏడున్నర శాతం ఎక్కడ పెడతారు? నోటి మాట వద్దు, కింద సంతకం పెట్టాలి. కాగితం కోయలో ఒకటి, తెలుగులో ఒకటి రాశాం. కోయది తెలుగు లిపిలోనే ఉంది, పిల్లలు చదివి వినిపిస్తారు.

మామకు ఆ కాగితం చదివి వినిపించాం. అంతా విని, నాలుగోది చేర్చమన్నాడు: ‘ఉప్పల్ల ఆ స్తంభాల మీద రోడ్డు ఎప్పుడేస్తరో గూడ అడుగుర్రి. పోయిన జాతరకు పోయేటప్పుడు ఘట్‌కేసర్ దాటేదానికే గంటన్నర పట్టింది.’ చేర్చాం.